తీసెయ్యమన్న ముక్క

"ఇదంతా ఎవరెవరు చూస్తారే?"

ఇస్త్రీ పిన్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది. టీవీలో వస్తుందా, నాకేమిస్తావు, ఏ చీర కట్టుకోమంటావు అని అందరూ అడిగేవి ఆమె అడగలేదు. చొక్కా కాలరు మీద పెట్టె ఆపకుండా, తలెత్తకుండా ఈ ఒక్కటి అడిగింది.

క్యాసెట్ వదిన నవ్వింది. "ముందు నేను చూస్తాను పిన్నీ. పనికొచ్చింది ఉంచుతాను, పనికిరానిది తీసేస్తాను. ఆ తర్వాత అందరూ చూస్తారు."

అబద్ధమాడే మనిషి కాదామె. లెక్కలో ఒకణ్ణి మర్చిపోయింది, అంతే.

సందు మొదట్లో ఆమెది వీడియో దుకాణం. క్యాసెట్ల రోజుల్లో తెరిచింది కాబట్టి ఆ పేరు. క్యాసెట్లు పోయాయి, డిస్కులొచ్చాయి, అవీ పోతున్నాయి. పేరు మాత్రం పోలేదు. ముందు గదిలో ఆమె భర్త జిరాక్సు మిషను నడుపుతాడు. వెనక గదిలో నీలం గుడ్డ కట్టిన గోడ, ఒక స్టూలు, రెండు కంప్యూటర్లు. పాస్‌పోర్టు ఫొటోలు, పుట్టినరోజులు, బడి వార్షికోత్సవాలు వచ్చినా, తిండి పెట్టేవి మాత్రం పెళ్ళిళ్ళే.

పెళ్ళి వీడియోలు కోసి అతికించే పనిలోనే ఆమెకి ఈ ఆలోచన పుట్టింది. వేదిక మీద అందరూ ఒకేలా నవ్వుతారు. వెనక వరసలో కూర్చున్న ముసలాళ్ళు మాత్రం కెమెరా తమ మీద లేదనుకుని అద్భుతంగా మాట్లాడుకుంటారు. ఇన్నేళ్ళూ ఆ మాటల మీద సంగీతం వేసి కప్పేస్తూ వచ్చింది. ఒక్కసారి సంగీతం తీసి వింటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. మన సందు కథలతోనే ఒక వీడియో తీద్దామంది.

"పెళ్ళికూతురు లేని వీడియో ఎవడు చూస్తాడే?" అన్నాడు భర్త.

"పెళ్ళికూతురున్న వీడియో మాత్రం ఎవరు చూస్తున్నారండీ? మన పెళ్ళిది మీరెన్నిసార్లు చూశారు?"

ఇలాంటి పనుల గురించి సభల్లో ఒక మాట వాడతారు, గొంతు లేనివాళ్ళకి గొంతునివ్వడమని. ఆ మాట అనేవాళ్ళని ఒక పూట ఆ సందులో కుళాయి దగ్గర నిలబెట్టాలి. గొంతుకి అక్కడ కరువు లేదు. వదినకి అలాంటి భ్రమలూ లేవు. ఉన్న కెమెరాతో, కాలరుకి పెట్టే రెండు మైకులతో, ఖర్చు పెద్దగా లేకుండా ఏం తీయొచ్చో లెక్కేసుకుంది. లైట్లు అద్దెకి తేలేదు. గుమ్మంలోంచి పడే వెలుతురే లైటు, దాన్ని మొహం మీదికి తిప్పడానికి కొత్త టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోల్ షీటు. ఫ్యాన్ ఆపాలి. పక్కింటి ఫ్రిజ్ కూడా ఆపాలి, దాని గురగుర మైకులో పడుతుంది. ఆపిన ఫ్రిజ్ మళ్ళీ వేయడం మర్చిపోకుండా ఆమెకొక చిట్కా ఉంది. దుకాణం తాళంచెవి ఆ ఫ్రిజ్‌లోనే పెట్టేది. అది తీసుకోకుండా దుకాణం మూసి ఇంటికి పోలేదు కదా.

కథలు వెతకడానికీ ఆమె పద్ధతి ఆమెదే. మొదటి మూడుసార్లు కెమెరా లేకుండా వెళ్ళేది. "మొదటిసారి పరిచయం చెప్తారు. రెండోసారి గొప్పలు చెప్తారు. మూడోసారికి విసుగొచ్చి నిజం చెప్తారు," అనేది. పద్ధతి బాగానే పనిచేసింది. రొట్టెల దుకాణం తాత తన మొదటి పొయ్యి గురించి చెప్పాడు. తాళాలు బాగుచేసేవాడు తన ప్రేమ గురించి చెప్పాడు, భార్య వింటుండగానే.

కానీ ఒక వింత కనిపెట్టింది. ఎవరి కథయినా ఒకచోటికొచ్చి ఆగేది. "అప్పుడిక మంచు ఫ్యాక్టరీ మూసేశారు" అనేవారు. ఎందుకు మూశారని అడిగితే అందరికీ ఒక్కసారే టీ గుర్తొచ్చేది. "టీ తాగుతావా అమ్మాయ్?" పదిళ్ళలో అదే ప్రశ్న, అదే చోట. ఆ టీలన్నీ తాగి వదిన గుండెమంట తెచ్చుకుంది గాని కారణం తెలుసుకోలేదు. ఆమె కోడలిగా ఆ సందుకి రాకముందే ఫ్యాక్టరీ మూతపడింది.

సందు చివర ఆ ఫ్యాక్టరీ షెడ్డు ఇంకా ఉంది. పెద్ద ఇనుప గేటు, లోపల ఉప్పు తిన్న గోడలు. సందులో సగం ఇళ్ళు ఒకప్పటి కూలీల గదులే. ఫ్యాక్టరీ ఎవరిదో ఆ గదులూ ఆయనవే. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు, కాస్త గొంతు తగ్గించి. షెడ్డులో రెండు దృశ్యాలు తీసుకుంటే బాగుంటుందని వదిన అనుమతి కోసం ఆయన మేనేజరు దగ్గరికి వెళ్ళింది.

అనుమతే అడిగింది. మేనేజరు అంతకన్నా ఎక్కువే ఇచ్చాడు.

"మేం ఆ షెడ్డుని బాగుచేసి హోటలు కడుతున్నామమ్మా. పాత జ్ఞాపకాలంటే పెద్దాయనకి ప్రాణం. హోటలు ముందుగదిలో తెర మీద వేసుకోవడానికి ఇలాంటిదే ఒకటి కావాలనుకుంటున్నాం. ఖర్చులు మేం పెట్టుకుంటాం. మాట మార్చమని, మనిషిని మార్చమని అడగం. ఉన్నదున్నట్టు తియ్యండి." ఆ గదిలో ఏసీ చలి. మాట్లాడుతూనే ఆమె కలిసి వచ్చినవాళ్ళందరి క్షేమం అడిగాడు, ఒక్కొక్కరినీ గుర్తుపెట్టి. రొట్టెల తాతకి మోకాళ్ళెలా ఉన్నాయి? ఇస్త్రీ పిన్ని ఇంకా బొగ్గుల పెట్టే వాడుతోందా?

ఇంటికొచ్చి చెబితే భర్త జిరాక్సు మిషను మూత వేసి ఆలోచించాడు. "షరతుల్లేకుండా డబ్బులిచ్చినవాడు నాకు తెలిసి ఒక్కడే, మీ నాన్న. ఆయన పోయాడు. వీడు రెండోవాడు."

"మా నాన్న ఎక్కడ షరతు పెట్టలేదు? మిమ్మల్ని చేసుకోమన్నాడుగా."

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళు కాస్త నిశ్చింతగా నవ్వుకున్నది అదే ఆఖరు అనుకోవచ్చు.

నాలుగోసారి కెమెరాతో వెళ్ళిన రోజు, పిన్ని పెట్టెలోంచి నిప్పులు తీసి పక్కన పోసింది. బల్ల చప్పుడు మైకులో పడకూడదు గనక ఆ పూట పని ఆపమంది వదిన. "నీ పూట కూలి నేనిస్తాలే పిన్నీ."

"అన్నీ అయ్యాక ఇద్దువుగాని. పారిపోతావా ఏంటి?"

పిన్ని ఉండేది ఒక్క గదిలో. ముందు గుమ్మం మాత్రం వెడల్పు. ఇస్త్రీబల్ల అందులో సరిగ్గా పడుతుంది, సగం గదిలో, సగం సందులో. ఆ గుమ్మమే ఆమె దుకాణం. ఎదురుగా కూర్చుని మొదట మంచు గురించి చెప్పింది. దిమ్మలు బండి మీద పోతుంటే ఎండాకాలంలో పిల్లలు వెనకాల పరిగెత్తి నాలికలు ఆనించేవాళ్ళట. "ఊరంతా వడదెబ్బలు, మా సందులో జలుబులు," అని నవ్వింది. ఆ నవ్వు బాగా పడింది.

ఆ తర్వాత వదిన అడక్కుండానే చెప్పుకుపోయింది. గొంతు మారలేదు.

"మా ఆయన ఆ రాత్రి పనిలో ఉన్నాడు. మంచు కట్టించే అమ్మోనియా గ్యాసు గొట్టం పగిలింది. లోపల ముగ్గురున్నారు. గేటుకి బయట తాళం. దిమ్మలు దొంగిలించుకుపోతున్నారని రాత్రిపూట బయటినుంచి తాళం వేయించేవాడు పెద్దాయన. మేమందరం గేటు పట్టుకుని ఊపాం. తాళంచెవి ఆయన దిండు కింద ఉంది. లేపడానికి పోయినవాణ్ణి పొద్దున రమ్మన్నారు."

పిన్ని చీర కొంగు సర్దుకుంది.

"ఈ ముక్క తీసెయ్యి అమ్మాయ్. గది ఆయనది, గోడలు ఆయనవి. ఈ వయసులో ఇంత గుమ్మం నాకెక్కడ దొరుకుతుంది?"

"తీసేస్తాను పిన్నీ. నన్ను నమ్ము."

పిన్ని నమ్మింది. వదిన తీసేసింది కూడా. కంప్యూటరు ముందు కూర్చుని నవ్వు దగ్గర కోసి, రొట్టెల తాత పొయ్యికి అతికించింది. అతుకు ఎక్కడుందో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు. మంచి పనితనం.

ఇక్కడ పెళ్ళి వీడియోల వాళ్ళ అలవాటొకటి చెప్పాలి. పని పూర్తయ్యాక కోసి కూర్చిన వీడియోతో పాటు, తీసిందంతా, ముక్క వదలకుండా, ఇంకో డిస్కులో పెట్టి డబ్బులిచ్చినవాళ్ళ చేతికిచ్చేస్తారు. లేకపోతే గొడవలు. మా చిన్నాన్న కనపడలేదేం, మా తోడికోడలి నగలు తీశారా లేదా అని ఏడాది పొడుగునా దుకాణం చుట్టూ తిరుగుతారు. మొత్తం ఇచ్చేస్తే పీడా వదులుతుంది. వదిన ఇన్నేళ్ళుగా ఏ పెళ్ళికీ ఆ రెండో డిస్కు ఇవ్వకుండా ఉండలేదు.

మేనేజరుకీ ఇచ్చింది. ఆయన అడగలేదు. ఒక సంచిలో రెండూ పెట్టి, "ఇది వీడియో, ఇది మొత్తం" అని బల్ల మీద పెట్టింది. ఆయన రెండోదాన్ని కాసేపు వేళ్ళతో తిప్పి చూశాడు. "మొత్తమా," అన్నాడు. "చాలా శ్రద్ధమ్మా మీకు." మెట్లు దిగుతున్నప్పుడు ఏదో మర్చిపోయినట్టు అనిపించి సంచి తడుముకుందట. సంచిలో ఏం లేదు.

వీడియోని ఆ షెడ్డులోనే వేశారు, సాయంత్రం, ప్లాస్టిక్ కుర్చీలేసి. సందు సందంతా వచ్చింది. గేటు బార్లా తీసి ఉన్నా చాలామంది దానికి దగ్గర్లోనే కూర్చున్నారు. పిన్ని నవ్వు దగ్గర అందరూ నవ్వారు. అయిపోయాక టీలు ఇస్తుంటే మేనేజరు పిన్ని దగ్గరికొచ్చి కప్పు స్వయంగా అందించాడు.

"పెద్దాయన రాలేకపోయారు పిన్నిగారూ. ఈమధ్య నిద్ర పట్టట్లేదు. దిండు కింద ఏదో గుచ్చుకుంటోందంటున్నారు."

చాలా మర్యాదగా అన్నాడు. పిన్ని ఆయన్ని చూడలేదు. కప్పు పట్టుకుని, రెండు వరసల అవతల కుర్చీలు సర్దుతున్న వదినని చూసింది. ఆ మాట వదినకీ వినపడింది. చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది.

మర్నాడు ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని సందులోకొచ్చారు. మిగతా గదుల్ని దాటి వచ్చి పిన్ని గుమ్మం కొలిచారు. మరమ్మతులట. పిన్ని ఇస్త్రీ ఆపలేదు. వాళ్ళు టేపు చాచినప్పుడు మాత్రం బల్ల కొంచెం జరిపింది.

వదిన మేనేజరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన కుర్చీ చూపించాడు. "మరమ్మతులమ్మా. అన్నీ వరసగా చేస్తాం. ఏ గదిలో ఎవరుంటున్నారో, ఏమనుకుంటున్నారో మాకు సరిగ్గా తెలిసేది కాదు. మీ దయవల్ల తెలిసింది." తలుపు దాకా వచ్చి సాగనంపాడు.

అక్కణ్ణుంచి పిన్ని దగ్గరికి వెళ్ళింది. "వీడియోలో లేదు కదా పిన్నీ. నువ్వే చూశావుగా."

"చూశాను. శుభ్రంగా తీసేశావు." పెట్టెలో నిప్పుల్ని ఊదుకుంటూ అంది పిన్ని. "తీసింది ఎక్కడ పెట్టావు?"

వదిన చెప్పింది. పెళ్ళిళ్ళ అలవాటు గురించి కూడా చెప్పింది. పిన్ని తిట్టలేదు. "నాకూ ఉంది అలవాటు," అంది. "చొక్కా ఎవరిదైనా జేబు తడిమి చూస్తాను, ఇస్త్రీ చేసేముందు. ఏదైనా ఉంటే చొక్కా కాల్తుంది."



మొత్తం తీసినదానికి ఇంకో కాపీ దుకాణంలో ఉంది. "బయట పెడదామా?" అని భర్త అడిగాడు. "తీసేస్తానని మాటిచ్చాను," అంది ఆమె. నిజం దాచిపెట్టడం పిరికితనమని చదువుకున్నవాళ్ళు సులువుగా అంటారు. వాళ్ళ గుమ్మాన్ని ఎవరూ టేపుతో కొలవలేదు. పోనీ దాచిపెట్టడం గొప్ప త్యాగమా అంటే, అదీ కాదు. రొట్టెల తాత, తాళాలవాడు ఇద్దరూ వచ్చి, తాము కూడా ఏమైనా అన్నామా, తీసినదాంట్లో ఉందా అని విడివిడిగా అడిగి వెళ్ళారు. తాతయితే బతిమాలాడు. వదిన ఇద్దరికీ లేదనే చెప్పింది. తాత అన్న మాట అందులో ఉంది. ఆ సందులో ఆమె నోట వచ్చిన మొదటి అబద్ధం అదే.

పిన్ని చెప్పకుండా వెళ్ళిపోయింది. బల్లని బస్సెక్కించి తీసుకుపోలేకపోయింది. అది గోడకి ఆనించి ఉంది, వానకి ఉబ్బుతోంది. గది తలుపుకి బయటినుంచి కొత్త తాళం వేశారు. టేపు మనుషులు ఈమధ్య రొట్టెల దుకాణం ముందు కనిపిస్తున్నారు. టీ తాగుతావా అని వదినని ఇప్పుడెవరూ అడగడం లేదు.

హోటలు తెరిచారు. ముందుగదిలో తెర మీద వీడియో పగలంతా ఆడుతూ ఉంటుంది, సంగీతం మాత్రం వాళ్ళు వేసుకున్నారు. పిన్ని నవ్వుతుంది, పొయ్యి వెలుగుతుంది, మళ్ళీ పిన్ని నవ్వుతుంది. వచ్చినవాళ్ళు తాళంచెవులు తీసుకుని గదుల్లోకి వెళ్తుంటారు.

మేనేజరు ఒప్పుకున్న డబ్బు మొత్తం ఇచ్చేశాడు, రోజు తప్పకుండా. ఇస్త్రీ ఆపిన ఆ పూట కూలి మాత్రం వదిన పిన్నికి ఇంకా బాకీ ఉంది.