వదిన చీకటి నడిపే తీరు

మా వదిన చీకటిని నడిపినట్టు ఎవరూ నడపలేరు. ఊరికే పొగడడం లేదు. ఆదివారం మధ్యాహ్నాలు లింగాలలోని వాళ్ళింటి ముందుగదిలో చాప మీద కూర్చుని, ఆమె చేతిలో చాలాసార్లు చచ్చి బతికినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

ముందు ఆట సంగతి చెప్పాలి. వదిన హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజుల్లో అక్కడి స్నేహితుల దగ్గర నేర్చుకుంది. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై నడుస్తారు. ఏం చేస్తామో మనమే చెప్పాలి, అది కుదిరిందో లేదో పాచిక చెబుతుంది. రాక్షసులు, కోటలు, గుహలు అన్నీ మాటల్లోనే. కథ చెప్పేది వదిన. ఆడేది ముగ్గురం. నేను కత్తీ డాలూ పట్టినదాన్ని. అయిజ నుంచి వచ్చి నాతోపాటు మందుల షాపులో పనిచేసే స్నేహితురాలు విల్లు పట్టింది. మా అన్న మూలికల వైద్యుడు. మా ఇద్దరికీ రెండు చేతులూ నిండిపోయాయి గనుక కాగడా పట్టడం అన్న వంతైంది.

ఈ ఆట ఆడేవాళ్ళు చాలామంది వెలుతురును పెద్దగా పట్టించుకోరట. గుహలోకి దిగుతారు, ఎవరి చేతిలో దీపం ఉందో అడిగేవాడే ఉండడు. వదిన దగ్గర ఆ పప్పులుడకవు. కాగడా ముట్టించామని చెప్పగానే ఆమె ఒక అగరుబత్తి ముట్టించి అరటిపండుకు గుచ్చుతుంది. అది కాలిపోతే కాగడా ఆరిపోయినట్టే. ఒకసారి ఎండాకాలం ఉక్క తట్టుకోలేక నేను ఫ్యాన్ వేశాను. బత్తి చకచకా కాలిపోయింది. "గుహల గాలి కొట్టింది, నేనేం జెయ్యాలె" అని చల్లగా తేల్చేసింది మహాతల్లి. ఆ రోజు మేము ఓ బావిలో పడి గల్లంతయ్యాం.

నా స్నేహితురాలు ఇంకో ఉపాయం పన్నింది. ఆట పుస్తకంలో చీకట్లో కూడా చూపు ఆనే జాతులున్నాయి, తాను ఆ జాతి మనిషినంది.

"గట్లాంటోళ్ళు మన దిక్కు పుట్టలే," అంది వదిన. "కాగడ వెలుగుల ఎంతదాంక కనబడితె నా మాట అంతదాంకనే."

అన్నట్టే ఉండేది. వెలుతురు దాటితే ఒక చుక్క నీటి చప్పుడు, తడిమట్టి వాసన, అంతే. ఏముందో చెప్పదు, ఏమీ లేదనీ చెప్పదు. ఆ నిగ్రహం చూస్తే నాకు ముచ్చటేసేది.

అన్న సంగతి వేరు. కొన్నేళ్ళ కింద పొద్దుగూకాక పల్లిచేనుకు మోటరు పెట్టడానికి పోతే పాము కరిచింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో బతికి బయటపడ్డాడు కానీ, అప్పటినుంచి చీకటి పడితే గడప దాటడు. మోటరు ఆగిపోతే బ్యాటరీ లైటు పట్టుకొని చేనుకు పోయేది వదినే. నలుగురిలో నామోషీగా ఉంటుందని అన్న లోపల్లోపల కుమిలేవాడు, పైకి మాత్రం అందరి మీదా చిరచిరలాడేవాడు. వదిన ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. "నన్ను జూస్తె పాములే తొవ్వ ఇస్తయి" అని నవ్వేసేది.

అప్పటికి మేము ఓ పెద్ద గుహలో దిగి చాలా వారాలైంది. వదిన ప్రతిసారీ అడిగేది: "కాగడ యాడ పట్టినవ్?" అన్న ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు: "కాళ్ళ కాడ." అది మాకెవరికీ వింతగా తోచలేదు. మా దిక్కున చేన్లో నడిచే ఎవరైనా వెలుతురు కాళ్ళ ముందే వేస్తారు. పాములైనా తేళ్ళైనా నేల మీదే కదా ఉండేది. తల పైకెత్తి చూద్దామన్న ఆలోచనే ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు.

ఆ ఆదివారం వదిన నా వైపు తిరిగి, "నీ భుజం మీద జిగటగ ఏందో పడ్డది" అంది. పాచిక వేశాను, పాడు పాచిక. పైనుంచి ఏదో నన్ను చుట్టి లాగేసుకుంది.

"యాడ కొట్టాలె అక్కా? ఏం కనబడ్తలేదు," అంది విల్లు పట్టిన నా స్నేహితురాలు.

"కాగడ కాళ్ళ కాడనే ఉన్నది గద," అంది వదిన.

బత్తి చివరికొచ్చింది. మా దగ్గర ఇంకో కాగడా లేదు. "అన్నా, జర పైకెత్తే! సచ్చిపోతున్న!" అని అరిచాను.

అన్న కదల్లేదు. "పైకెత్తితె కాళ్ళ కాడ ఏముంటదో," అన్నాడు. మాకు అది ఆట. ఆయన నుదుట మాత్రం నిజం చెమట పట్టింది. వదిన వైపు చూసి, "ఏం లేదని జర జెప్పరాదా?" అన్నాడు చిన్నగా.

ఆమె ఒక్క మాటతో తేల్చెయ్యొచ్చు. నేనైతే తేల్చేసేదాన్ని. వదిన ఆయన కళ్ళలోకి చూసి, "వెలుతురు లేని కాడ ఏమున్నదో నేను జెప్ప," అంది. ఆ గొంతులో ఎంత ప్రేముందో నేను విన్నాను.

అన్న తన కాలి మీది పాముకాటు మచ్చను నిమురుకున్నాడు. ఆఖరికి, "ఎత్తిన," అన్నాడు.

అప్పుడు వదిన చెప్పింది. తాటిచెట్టంత ఎత్తున గుహ కప్పు. దాని నిండా ఎప్పటివాళ్ళో ఎర్రమట్టితో గీసిన బొమ్మలు: ఎడ్లు, జింకలు, తలమీద కుండలు పెట్టుకొని బారులు తీరిన ఆడవాళ్ళు. ఆ బొమ్మల మధ్య పెద్ద సాలీడు, దాని దారాల్లో నేను.

"ఇన్ని దినాలు గిది పైన్నే ఉండెనా?" అన్నాడు అన్న.

"ఉండె. మీరు సూడలే."

ఇన్ని వారాలు ఆ బొమ్మలన్నీ మనసులోనే దాచుకుని, ఒక్క మాటైనా జారనివ్వలేదంటే ఎంత ఓపికో! నా స్నేహితురాలు బాణం వేసింది, దారం తెగింది. "నీ చెల్లె పడుతున్నది. పట్టుకోవాలంటె ముంగటికి నడువాలె. కాళ్ళ కాడ చీకటి," అంది వదిన.

"నడుస్త," అన్నాడు అన్న. పాచిక వేశాడు, నన్ను పట్టుకున్నాడు. ఇందాక ఆయన మీద అరిచిన నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

చాప చుట్టేసి, చాయ తాగేసరికి పొద్దుగూకింది. చేన్లో మోటరు ఆగిపోయిందని పక్క చేనాయన ఫోన్ చేశాడు. వదిన చెప్పులేసుకుంటుంటే అన్న లేచి, గూట్లోని బ్యాటరీ లైటు అందుకున్నాడు.

"నేను గూడ వస్త. నువ్వు ముంగట నడువు," అన్నాడు. గడప దగ్గర ఆగి లైటు వేశాడు. "ఎటు పట్టాలె?"

"కాళ్ళ కాడనే పట్టయ్యా," అంది వదిన. "ఇది ఆట గాదు."