రోజు విడిచి రోజు డాక్టరు

పొద్దున్నే చాయ్ కాడ చెరొక పేపరు పరుచుకొని, సర్కారు వైద్యం అద్భుతమని ఒకరు, వట్టి బూటకమని ఒకరు మీరు కొట్లాడుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. అట్లాంటి రెండు పేపర్ల నడుమ ఇరుక్కొని ఒకప్పుడు నేను నా పెళ్ళాన్ని చంపుకున్నంత పని చేశాను! ఏం జరిగిందో వినండి.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. గరిడేపల్లి అవతల ఒక చిన్న ఊళ్ళో నేను పంతుల్ని. ఊరంతటికీ చదువొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే గనుక, సాయంత్రం బడి అరుగు మీద పేపరు చదివి వినిపించడం కూడా నా కొలువే. ఆ బీడీల పొగ, "జర గట్టిగ సదువు పంతులూ!" అనే కేకలు... ఇప్పుడు టీవీ ఎంత అరిచినా ఆ కమ్మదనం రాదు.

పేపర్లు రెండొచ్చేవి. సర్కారును పొగిడేది హైదరాబాదు నుంచి సూర్యాపేట మీదుగా, తిట్టేది బెజవాడ నుంచి కోదాడ బస్సులో. అప్పుడే కొత్త సర్కారు పల్లెల్లో ఉచిత దవాఖానలు తెరుస్తున్నది. మిర్యాలగూడ బాటలో, మాకు ఆరు మైళ్ళ దూరాన ఒకటి తెరిచారు. పొగిడే పేపరు రాసింది: "డాక్టరున్నాడు, మందులున్నాయి, జనం నవ్వుతూ ఇళ్ళకు పోతున్నారు." తిట్టే పేపరు రాసింది: "డాక్టరు లేడు, మందు లేదు, వసారాలో మేకలున్నాయి."

అరుగు రెండు ముక్కలై అరుచుకుంటున్నది. నా బాధ వేరు. మా ఇంటామెకు పన్నెండు దినాల నుంచి చలిజ్వరం. రోజు విడిచి రోజు వచ్చి మనిషిని పుల్లను చేసింది. క్వినైన్ బిళ్ళలు పడకపోతే దక్కేటట్టు లేదు.

ఇద్దరు కొట్లాడితే నిజం నడుమ ఉంటుందని పిల్లలకు నిత్యం కథలు చెప్పేవాణ్ణి నేను. సుద్దముక్క తీశాను. ఒక పేపరు డాక్టరు రోజూ ఉంటాడంటున్నది. ఇంకొకటి ఎన్నడూ ఉండడంటున్నది. నడుమకు తెస్తే? రోజు విడిచి రోజు ఉంటాడు! బోర్డు మీద లెక్క తేలేసరికి అరుగంతా భేష్ అన్నది.

సోమవారం ఆమెకు జ్వరం రాని రోజు. మా ఊళ్ళో బండి తోలే లచ్చయ్యతో ఎడ్లబండి కట్టించి తీసుకుపోయాను. తలుపుకు తాళం. వసారాలో నిజంగానే మేకలు! నేను బెదరలేదు.

"ఇయ్యాల రాలేదంటే రేపు తప్పక వస్తడు. సూసినవా, లెక్క కుదిరింది!"

"రేపు నాకు జరమొచ్చే రోజయ్యా," అన్నదామె.

మంగళవారం రెండు గొంగళ్ళు కప్పి, వణికే మనిషిని మళ్ళీ ఆరు మైళ్ళు కుదిపాను. అదే తాళం. అవే మేకలు. ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. గడప మీద కూలబడి, "డాక్టరు ఎన్నడొస్తడో ఏ దేవుణ్ణడగాలె!" అన్నాను.

లచ్చయ్య ఎడ్లకు గడ్డి వేస్తూ, "బేస్తవారం," అన్నాడు.

"ఏందీ, గురువారమా?"

"బేస్తవారం గీడ అంగడి గద, ఊళ్ళన్ని సంతకొస్తయి. అంగడినాడే వస్తడు డాక్టరు. మా అవ్వను రెండుసార్లు తోలుకొచ్చిన."

"మరి నిన్ననే చెప్పకపోతివి!"

"నన్నడిగినవా పంతులూ? పేపర్ల నడిగినవ్. సదువుకున్నోళ్ళ లెక్కకు నేనేడ అడ్డమొచ్చేది!"

బేస్తవారం పోయాం. డాక్టరు కోదాడ వైపు మనిషి, పడుచువాడు. బిళ్ళలిచ్చి, నా కథ విని పకపక నవ్వాడు.

"ఆ రెండు పేపర్ల వాళ్ళూ వచ్చారండీ మాస్టారూ. ఒకాయన అంగడినాడు, ఒకాయన సోమవారం. ఎవరికి కావలసిన రోజు వాళ్ళు ఏరుకున్నారు. అబద్ధమైతే ఎవరూ రాయలేదు!"

వారం తిరిగేసరికి ఆమె లేచి పొయ్యి కాడికొచ్చింది. అక్కడితో ఊరుకుంటే నేను పంతుల్నెట్లవుతాను? రెండు పేపర్లకూ ఒకే జాబు రాశాను, అక్షరం తేడా లేకుండా. "బేస్తవారం డాక్టరు వస్తాడు, మంచి మందిస్తాడు, నా భార్య బతికింది. మిగతా ఆరు రోజులు తాళమే. దయచేసి డాక్టరును ఇంకొన్ని రోజులు పంపండి."

రెండూ అచ్చేశాయి. పొగిడే పేపరు మొదటి సగం. తిట్టే పేపరు రెండో సగం. రెండింటి కిందా నా పేరే! ఒకటి ఉత్సాహంగా చదివి, రెండోది గొంతు తగ్గించి చదివాను.

"ఇంతకూ నువ్వే పార్టీ పంతులూ?" అని అరుగంతా గోల.

ఇంటికొచ్చి పీట మీద కూర్చున్నాను. సంగతి నాకన్నా ముందే ఇల్లు చేరింది. ఆమె అన్నం గిన్నె పట్టుకొని నిలబడ్డది.

"ఒక పేపర్ల దవాఖానను పొగిడిన మొగుడున్నడు. ఇంకొక దాంట్ల తిట్టిన మొగుడున్నడు. అన్నం ఎవరికి పెట్టాలె?"

ఆకలి మీదున్నాను.

"ఇద్దరికీ పెట్టు," అన్నాను.