అవ్వ రంగు మీద పోసిన నీళ్లు

మా చిన్నప్పుడు... సింగానల్లూరులో మా వంటింట్లో రెండింటి మీద నీళ్లు పోసి ఉంచేవాళ్లు. ఒకటి చద్దన్నం. రెండోది తాత కలిపిన రంగు.

తాత మిల్లులో నూలు మెషీన్ల దగ్గర పనిచేసేవాడు. షిఫ్టు ముగిసి మిల్లు సైరన్, అదే సంగు, ఊదాక ఇంటికొచ్చి ఆయిల్ పెయింట్లతో బొమ్మలు వేసేవాడు. ట్యూబులకు మూతలు బిగించి ట్రంకుపెట్టెలో పెట్టేవాడు. కలిపి మిగిలిన రంగు మాత్రం పింగాణీ సాసర్లో... పైన నీళ్లు పోసి.

ఆ రోజుల్లో అవ్వ బొమ్మ వేస్తున్నాడు. ఆమెను గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, సాసరును ఆమె చేతి పక్కన పెట్టి చూసుకుంటూ ఒంటి రంగు కలిపాడు. నుదురు, బుగ్గలు అయ్యాయి. గడ్డం, మెడ మిగిలాయి. ఇంతలో అవ్వ పోయింది.

కర్మలయ్యాక తాత తిరుమంగళంలో చెల్లెలి ఇంటికి పదిరోజులు వెళ్లాడు. వెళుతూ, "ఆ సాసర్లో నీళ్లు తగ్గనీకమ్మా" అని అమ్మకు చెప్పాడు. "నేను చూసుకుంటా" అన్నాను నేను. ఇంట్లో బడికి పోయినదాన్ని నేనొక్కదాన్నే కదా... అమ్మ నమ్మింది.

నూనె, నీళ్లు కలవవని అప్పుడే బడిలో సారు చెప్పారు. మరి నూనె రంగులో నీళ్లేమిటి? నీళ్లలో అన్నమే రెండోనాటికి పులుస్తుంది... ఇదెన్నాళ్లుంటుంది? పాడైపోతుందేమోనని నీళ్లు ఒంపేసి, సాసరును మిద్దె మీద ఎండలో పెట్టాను. రోజూ వెళ్లి చూసుకునేదాన్ని కూడా.

తాత వచ్చి గోటితో గీకాడు. రాయిలా ఉంది.

"నీళ్లు ఎవురు పారబోసింది కన్ను?" నన్ను ముద్దుగా అరవంలో అట్లాగే పిలిచేవాడు.

"నేనే తాతా... చెడిపోతుందని."

"నీళ్లుంటేనే గాలి తగలదు. గాలి తగిల్తే ఆరిపోతాది."

అమ్మ చెయ్యెత్తింది. "చదువు చదువంటివే, ఇదా నువ్వు చదివింది!"

"విడువమ్మా. పాప మంచికే చేసింది" అన్నాడు తాత.

ఆ తర్వాత మూడు రోజులు తెలుపు, కావి, పసుపు కలుపుతూనే ఉన్నాడు. అవ్వ రంగు కుదరలేదు. ఉన్న ఒక్క ఫోటో నలుపు తెలుపుది. నాలుగోనాడు నన్ను గుమ్మం దగ్గర కూర్చోమన్నాడు.

"చెయ్యి చాపు కన్ను. మీ అవ్వ చెయ్యి గూడా ఇట్లే ఉండె."

అది శిక్షో, ముద్దో... నాకు అర్థం కాలేదు. కదలకుండా కూర్చున్నాను. నా చేతిని చూసి కలిపిన రంగుతోనే అవ్వ గడ్డం, మెడ పూర్తిచేశాడు.

మిల్లు ఎప్పుడో మూతపడింది. తాత కూడా వెళ్లిపోయాడు. మొన్న ట్రంకుపెట్టె తెరిస్తే ఆ ట్యూబులు కనబడ్డాయి. ఒకదాని మూత బిగుసుకుపోయింది. వేడినీళ్లలో ముంచి తిప్పితే వచ్చింది. ముందు కొంచెం నూనె కారింది, తర్వాత మెత్తగా పసుపు... ఇన్నేళ్ల తర్వాత! నేను జాగ్రత్త చేసింది మాత్రం పదిరోజులు నిలవలేదు.

గోడ మీద బొమ్మ చూసినప్పుడల్లా... ఎక్కడిదాకా అవ్వో, ఎక్కణ్ణుంచి నేనో ఇప్పటికీ తేల్చుకోలేను.

పెద్దవాళ్లు దాచుకున్నదాన్ని మంచికనుకుని మీరూ ఎప్పుడైనా పాడుచేశారా? చెప్పండి... నేనొక్కదాన్నే కాదని తెలుస్తుంది.