కొబ్బరాకుల మీది మసి

తెలిసిన మాట ఒకటి నేను చెప్పకుండా దాచాను. కొన్నేళ్ల కిందట భావనపాడు దారిలో ఒక ఊరివాళ్లు, తమ కొబ్బరాకులు నల్లబడటానికి ఆ ఊళ్లోనే ఉండే దాలమ్మ అనే ఆవిడ జీడిపిక్కలు కాల్చే బట్టీ పొగే కారణమని పంచాయితీ పెట్టారు. పురుగుల మీద పరిశోధన చేసే మనిషినని నన్నూ కూర్చోబెట్టారు. ఆ నలుపు పొగ కాదు. ఆకు అడుగున చేరిన తెల్లదోమ రసం పీల్చి తీపి జిగురు వదులుతుంది. అది కింది ఆకుల మీద పడితే మసిలాంటి బూజు పెరుగుతుంది. ఆ దోమ ఆ తీరానికి అప్పుడే కొత్త. పేరు చెబితే తోటలన్నిటికీ మందు కొడతారు, దోమతోపాటు దాన్ని చంపే చిన్న కందిరీగలూ పోతాయి, వాటి మీద నేను చేస్తున్న పనీ పోతుంది. పరీక్ష చేసి చెబుతానని లేచి వచ్చేశాను. బట్టీ మూయించారు. నా వ్యాసం అచ్చయింది.

ఈమధ్య పాత ఫొటోలు చూస్తుంటే, ఒక నల్లటి ఆకు వెనక దూరంగా ఆ బట్టీ కనబడింది. పొగ సముద్రం వైపు పోతోంది. తోట వైపు కాదు. ఆ ఆదివారమే బయల్దేరాను.

విజయనగరంలో నా గది నుంచి స్టేషను నడిచే దూరమే. పొద్దున పలాస పాసింజరు ఎక్కితే నౌపడాలో దిగవచ్చు. సెలవు రోజు కాబట్టి కిటికీ పక్కనే చోటు దొరికింది. వెళ్తున్నానని ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

పొందూరులో ఒక ముసలామె చిక్కుడుకాయల బుట్టతో ఎక్కి ఎదురుగా కూర్చుంది. తొడిమల చుట్టూ నల్లటి పేనుబంక.

"ఇదేటి బాబూ, ఎంత దులిపినా పోదు. సీమలు కూడా పట్టేస్తన్నాయి," అంది.

రసం పీల్చేది ఈ నల్లపురుగేనని, అది వదిలే తీపి కోసమే చీమలు వస్తాయని చెప్పాను.

"అలగా. ఇన్నాళ్లూ సీమల్ని తిట్టినాను," అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. అడగ్గానే చెప్పడం ఇంత సులువా అనిపించింది. ఆమె తిలారులో దిగిపోయాక ఆ బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు.

ఈ దారిన వెళ్లేవాళ్లు నౌపడా స్టేషను బయటే టిఫిను చేసేయడం మంచిది. ముందు ఏమీ దొరకదు. ఆటో నిండితే గాని కదలదు. ఉప్పుమడుల మధ్య నుంచి పోతుంటే ఎండ కింద నుంచి కూడా కొడుతుంది.

ఊళ్లో బట్టీ ఉన్నచోట సర్కారు తుమ్మ మొలిచింది. పక్కన అప్పలస్వామి తోట ఇంకా నల్లగానే ఉంది. పంచాయితీలో అందరికంటే గట్టిగా మాట్లాడింది ఆయనే. టీ బడ్డీ దగ్గర ఆయనా, మరికొందరూ కూర్చుని ఉంటే, తోటలోంచి ఒక మట్ట లాక్కొచ్చి ఆకు తిరగేసి చూపించాను. తెల్లటి పొడి వేళ్లకు అంటింది. నాకు అప్పుడే తెలుసని, దాచానని చెప్పాను.

అప్పలస్వామి ఆకు వైపు చూడలేదు. "బట్టీ ఆరినాక కూడా నలుపు పోనేదు. అప్పుడే అనుమానమొచ్చింది సార్. అనుకుని ఏటి సేస్తాం? ఆవిడ అప్పటికే ఎలిపోనాది."

దాలమ్మ నరసన్నపేటలో, బస్టాండు వెనక సందులో బజ్జీలు వేసి అమ్ముతోందని బడ్డీ అతను చెప్పాడు. టీ తాగమని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.

తిరుగు ప్రయాణం బస్సులో. టెక్కలిలో శ్రీకాకుళం బస్సు ఎక్కాను. నరసన్నపేట మధ్యలోనే వస్తుందని తెలిసి కూడా శ్రీకాకుళానికే టికెట్టు తీసుకున్నాను, దిగకుండా పోవడానికి వీలుంటుందని. కోటబొమ్మాళి దాటాక కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను గాని ఒక్క పొలం గుర్తులేదు. నరసన్నపేటలో లేచి తలుపు దగ్గరికి వెళ్తే కండక్టరు, "ఇక్కడ దిగిపోతన్నారేటి? మీ టికెట్టు ఇంకా ఉన్నాది," అన్నాడు. పనుందన్నాను.

దాలమ్మ గ్యాసు పొయ్యి ముందు నిలబడి బజ్జీలు దేవుతోంది. జుట్టు సగం నెరిసింది. చూడగానే గుర్తుపట్టింది.

"పురుగుల సారు కదా. తినండి," అని ప్లేటు పెట్టింది.

ప్లేటు పట్టుకునే మొత్తం చెప్పాను. ఊళ్లో చెప్పి వచ్చానని కూడా చెప్పాను. ఆమె పొయ్యి కట్టేసింది. మూకుట్లో నూనె చప్పుడు ఆగింది.

"నా పొగ కాదా?"

"కాదు."

"నేను కూడా నిజమే అనుకున్నాను సార్. పదిమంది సెట్లు పాడుసేసినాననుకున్నాను. ఇక్కడికొచ్చినాక కట్టెల పొయ్యి ఎట్టనేదు." సందుకి అవతల ఎవరిదో జామచెట్టు ఉంటే చూపించింది. "పొద్దున్న లెగగానే దాని ఆకులు సూస్తాను. నల్లబడినాయేమోనని."

నేనూ ఆ చెట్టు వైపు చూశాను. ఆకులు పచ్చగా ఉన్నాయి. నేను దిగిన బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది.

"నువ్వేం చెయ్యలేదు దాలమ్మా. తెలిసి కూడా నా పని కోసం నోరు మూసుకున్నాను. తప్పు నాది. నన్ను మన్నించు," అన్నాను.