నేను చెప్పని నియమం

ఒక చర్చి, దాని చుట్టూ ఉన్న పల్లెలు కలిస్తే కథోలికుల మాటల్లో విచారణ. దాన్ని చూసుకునేవాడు విచారణ గురువు. కంబదూరు వైపు పద్నాలుగు పల్లెలకు నేను ఆరేళ్లు ఆ పని చేశాను. బదిలీ రాగానే విచారణను కొత్తాయనకు అప్పగించాను. విచారం మాత్రం ఆయన అప్పగించుకోలేదు.

పల్లెకు నెలకోసారి పూజ, అందులో క్రీస్తు శరీరంగా పంచే అప్పం, సత్ప్రసాదం. మిగతా రోజులంతా బండి మీద తిరుగుడే. గోడ కూలిన చోటికి ఇటుకలు, బోరు ఎండిన హాస్టలుకు ట్యాంకరు, మొగుడూ పెళ్లాల తగవులు. నేను వాన గురించి ప్రసంగిస్తే జనం కిటికీలోంచి ఆకాశం వైపు చూసేవాళ్లు. నా వైపు చూడకపోవడం వాళ్ల మంచితనమే.

నాలుగో ఏడు, ఒక పల్లెలో పెద్దాయన మంచం పట్టాడు. అక్కడి చర్చి తలుపు తీసి, ఊడ్చి, దీపం పెట్టేది ఆయనే. ఒక శుక్రవారం కొడుకు సైకిల్ మీద వచ్చాడు.

"సామీ, నాయనకు బాగలేదు. సత్ప్రసాదం కావాలంటాండాడు."

"రేపు పొద్దున్నే వస్తానని చెప్పప్పా," అన్నాను.

వెళ్లలేదు. బిషప్ గారు రాబోతున్నారు. స్వాగత ద్వారం మీద అక్షరాలు ఎర్రగా ఉండాలా, నీలంగా ఉండాలా తేల్చడానికి అనంతపురం వెళ్లాను. సాయంత్రం దాకా తేలలేదు. ఆ పల్లె కిరాణా అంగట్లో ఫోనుంది. చేయలేదు. ఒక్కరోజుకేముందిలే అనుకున్నాను.

ఆదివారం పూజ ముగించుకుని వెళ్తే కోడలు వాకిట్లోనే నిలేసింది.

"ఏం సామీ, ఇదేనా మీ పొద్దున్నే? మా మామ శుక్రారం సందేళ నుంచి గుక్కెడు నీళ్లు ముట్లేదు."

"ఎందుకమ్మా?"

"సత్ప్రసాదం తీసుకునేకి ముందు ఏమీ తాగగూడదంట గదా! గంజి పోస్తే నోరు తెరవడు. సామి వస్తాండాడు అంటాడు, వాకిలి దిక్కు చూస్తాడు."

లోపల ఆయన పెదవులు పగిలిపోయి ఉన్నాయి.

"తాతా, ఆ నియమం ఎప్పుడో మారింది. నీళ్లు ఎప్పుడైనా తాగొచ్చు. జబ్బు మనిషికైతే ఉపవాసమే లేదు," అన్నాను.

ఆయన వాకిలి మీంచి చూపు నా మీదికి తిప్పాడు. ఆ చూపులో కోపం లేదు.

"మారిండొచ్చు సామీ. నాకెవురు చెప్పినారు?"

మూడేళ్లకు పైగా అక్కడ నెలనెలా మాట్లాడుతున్నవాడిని. సహనం గురించి చెప్పాను, పరలోకం గురించి చెప్పాను. మంచినీళ్ల గురించి చెప్పలేదు.

చెంచాతో నీళ్లు పట్టబోతే తల తిప్పేశాడు. "ముందు అది. ఆనక నీళ్లు."

అప్పంలోంచి చిన్న తునక తుంచి నాలుక మీద ఉంచాను. అతుక్కుపోయింది. ఆయన చేతులు జోడించాడు. అప్పుడు పోసిన నీళ్లు సగం దిండు మీదికి కారాయి. ఆ తునక లోపలికి దిగిందో లేదో నాకిప్పటికీ తెలియదు.

మంగళవారం పోయాడు. సమాధి చేయడానికి చెప్పిన వేళకు గంట ముందే వెళ్లి కూర్చున్నాను. కోడలు చూసి, "ఈ పొద్దు బిరీన వచ్చినారే సామీ," అంది. ఆమె గొంతులో ఎగతాళి ఉంటే బాగుండేది.