గొడుగు వీరుడికి ఒక్క ఉత్తరం

బొమ్మల పత్రికలో, పాత్రల నోటి పక్కన బుడగల్లో మాటలు రాయడం ఆయన పని. పంతొమ్మిదేళ్లుగా ముక్కు కాగితానికి ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్కో అక్షరం చెక్కుతున్నాడు. అందులో వచ్చే ఏడుగురు మహావీరుల దళంలో ఆయనకు ఇష్టుడు గొడుగు వీరుడు. మిగతావాళ్లు ఎగిరి గెలుస్తుంటే, వాడు కూలే గోడ కింద జనానికి గొడుగు పట్టి నిలబడతాడు. సంచికకి ఒకటే బుడగ: "మీరు పదండి, నేను చూసుకుంటా." వాడికో సొంత పుస్తకం వెయ్యమని వచ్చిన ప్రతి ఎడిటరునూ కాళ్లావేళ్లా పడి అడిగాడాయన.

చివరికి, ఏ వీరుడికి సొంత పుస్తకం వెయ్యాలో ఉత్తరాలు రాయమని పాఠకులనే అడిగారు. గొడుగు వీరుడికి వచ్చింది ఒక్క ఉత్తరం. ఎడమచేత్తో వంకరటింకరగా రాసినా, రెక్కలా పైకి లేచిన ఆ తలకట్లు దాగలేదు. అక్షరాలతో బతికేవాడికి భార్య చేతిరాత తెలియదా? "ఒక్క ఉత్తరానికి పుస్తకమేంటి గురువుగారూ? వచ్చే సంచికలో ఆ గోడ కిందే చంపేస్తున్నాం వాణ్ణి," అన్నాడు ఎడిటరు. ఆఖరి బుడగ కూడా ఆయనే రాశాడు, అవే మాటలతో. ఇంటికొచ్చి వేళ్ల సిరా కడుక్కుంటుంటే, భార్య తువ్వాలు అందిస్తూ అడిగింది: "మీ గొడుగాయనకి ఉత్తరాలేమైనా వచ్చాయా?" "బోలెడు," అన్నాడాయన. మరి పుస్తకం ఎప్పుడని ఆమె అడగలేదు.