గంగాకిషన్ ఊదిన గాజు చెంబు

ఆర్మూర్‌లో గంగాకిషన్ పేరు తెలియనివాళ్లు ఉంటారేమో గానీ, అతని బుగ్గలు తెలియనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లు పెళ్లి బ్యాండులో బాకా ఊదిన బుగ్గలవి. బాల్కొండ నుంచి కమ్మర్‌పల్లి దాకా ఏ బారాత్ కదిలినా ముందు ఆ బుగ్గలు, వాటి వెనక గంగాకిషన్, ఆ వెనకే గుర్రం మీద పెళ్లికొడుకు. డీజేలు వచ్చాక పిలిచేవాళ్లు తగ్గి, పసుపు మార్కెట్‌లో కాంటా దగ్గర పనికి కుదిరాడు. అక్కడా ఊరుకోడు. సంచులు మోసేవాళ్లకు హుషారు రావాలని నోటితోనే బాకా వాయిస్తుంటాడు.

మొన్న చలికాలంలో కూతురు శైలజ, అల్లుడు గజేందర్ షార్జా రమ్మంటే, భార్య రత్నవ్వను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఒక సెలవు రోజు అల్లుడు అందరినీ గాజు ఊదే కార్ఖానాకు తీసుకుపోయాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా తలా ఒకటి ఊదుకోవచ్చట.

లోపల కొలిమి భగభగమంటోంది. అక్కడి ఉస్తాద్ ఫిరోజాబాద్ మనిషి. బారెడు ఇనుప గొట్టం కొసకు బెల్లం పాకంలాంటి గాజు ముద్దను చుట్టి, అందరికీ కళ్లద్దాలు పెట్టించి, ఊది చూపించాడు. తర్వాత గజేందర్ ఊదితే ఉల్లిగడ్డంత బుడగ వచ్చింది. శైలజ ఊదితే గ్లాసు లాంటిదేదో వచ్చింది.

గంగాకిషన్ ఇవేవీ చూడటం లేదు. గోడకు ఆనించిన ఖాళీ గొట్టం ఒకటి అతన్ని పిలుస్తోంది. తీసి పెదాలకు ఆనించాడు. "బర్ర్ర్ర్..." అంటూ బారాత్ పాట మొదలైంది. జలుబు చేసిన దున్నపోతు పాడినట్టుంది గానీ, తాళం మాత్రం తప్పలేదు. మూలన పనిచేస్తున్న ఇద్దరు మలయాళీలు పట్టకార్లు పక్కన పెట్టి చిందులు మొదలుపెట్టారు.

"సిగ్గు లేదు, శరం లేదు. పరాయి దేశంల గీ మనిషి నా పరువు తీస్తుండు," అని రత్నవ్వ కొంగుతో మొహం కప్పుకుంది.

ఉస్తాద్ నవ్వుతూ అసలు గొట్టం చేతికిచ్చి, "ఆహిస్తా, చాచా," అన్నాడు.

"మెల్లగ ఊదమంటుండు, మామా," అన్నాడు గజేందర్.

"మెల్లగ ఊదితే పెండ్లి ఎట్లయితది, అల్లుడా?" అని గంగాకిషన్ ఛాతీ నిండా గాలి పీల్చాడు.

గాజు నిమ్మకాయంత అయింది, కొబ్బరికాయంత అయింది, గుమ్మడికాయంత అయింది. "బస్, చాచా, బస్!" అని ఉస్తాద్ చేతులు ఊపుతున్నాడు. ఆ ఊపు మెచ్చుకోలు అనుకుని గంగాకిషన్ ఇంకో దమ్ము పట్టాడు. బుడగ ఫట్‌మని పగిలింది. ఉల్లిపొర కన్నా పలచని గాజు రేకులు కార్ఖానా అంతా తళతళమంటూ ఎగిరి, మెల్లగా ఉస్తాద్ గడ్డం మీద వాలాయి.

గంగాకిషన్ గొట్టం మెల్లగా కింద పెట్టాడు. "పోలీసులను పిలుస్తరా, బిడ్డా?" అని కూతురి వెనక్కి జరిగాడు.

ఉస్తాద్ గడ్డం దులుపుకుని పకపకా నవ్వాడు. ఇంత దమ్మున్న మనిషిని తన సర్వీసులో చూడలేదన్నాడు. ఇంకో ముద్ద చుట్టి ఇచ్చాడు. ఈసారి రత్నవ్వ కొంగు బిగించి ముందుకొచ్చింది.

"నువ్వు తప్పు జేసి ఇంటికొచ్చినంక నాతోని ఎట్ల మాట్లాడుతవో, గంత మెల్లగ ఊదు."

ఆ కొలత గంగాకిషన్‌కు వెంటనే అర్థమైంది. పిల్లిలా ఊదాడు. బుడగ బుద్ధిగా పెరిగి, మెడ సన్నబడి, చెంబు ఆకారంలో ఆగింది. అడుగు మాత్రం ఓ పక్కకు ఒరిగింది. సరిచేస్తానని ఉస్తాద్ అన్నా గంగాకిషన్ ముట్టుకోనివ్వలేదు. చెంబు చల్లారాలంటే మర్నాటి దాకా ఆగాలన్నారు. ఆ పొద్దంతా దాని గురించే మాట్లాడి అతను అందరినీ సతాయించాడు.

తిరుగు ప్రయాణంలో చెంబు రత్నవ్వ చీరల మధ్య పడుకుని క్షేమంగా ఆర్మూర్ చేరింది. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా అందులోనే మంచినీళ్లు. అడుగు ఒరిగింది కాబట్టి కింద పెడితే దొర్లుతుంది. పట్టుకున్నవాళ్లు పూర్తిగా తాగేదాకా వదలడానికి లేదు. నిన్న బ్యాండులో డోలు కొట్టే భూమేశ్వర్ వచ్చి, సగం తాగి, చెంబు ఎక్కడ పెట్టాలో తెలియక గంటసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. గంగాకిషన్‌కు కావలసిందీ అదే. షార్జా కథ చెప్పడానికి గంట సరిగ్గా సరిపోతుంది.